కుర్చీ ఉంది, మాట చెల్లదు: చైనా చిన్న పార్టీల నాయకుడు జాంగ్ బోజున్ జీవితం

చైనాలో ఒకే పార్టీ ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే. కమ్యూనిస్టు పార్టీ కాకుండా ఆ దేశంలో మరో ఎనిమిది పార్టీలు చట్టబద్ధంగా పనిచేస్తున్నాయి. వాటికి ఆఫీసులు ఉన్నాయి, అధ్యక్షులు ఉన్నారు, సభ్యులు ఉన్నారు, మహాసభలూ జరుగుతాయి. ఎన్నికల్లో అధికార పార్టీకి పోటీగా నిలబడే హక్కు మాత్రం లేదు. కమ్యూనిస్టు పార్టీ నాయకత్వాన్ని ఒప్పుకుంటున్నామని వాటి నియమావళిలోనే రాసి ఉంటుంది.

మరి ఆ పార్టీలు ఎందుకున్నట్టు? ఎవరి కోసం ఉన్నట్టు? ఈ ప్రశ్నకు జవాబు పుస్తకాల్లో వెతకడం కంటే ఒక మనిషి జీవితంలో చూస్తే త్వరగా అర్థమవుతుంది. ఆయన పేరు జాంగ్ బోజున్. ఆ ఎనిమిది పార్టీల్లో ఒకదానికి అధ్యక్షుడు, మరోదానికి ఉపాధ్యక్షుడు. కొత్త చైనా ప్రభుత్వంలో ఎనిమిదేళ్లకు పైగా మంత్రి. ఒక పెద్ద దినపత్రికకు అధిపతి. 1957లో ఒక మీటింగులో చేసిన ఒక సూచనతో ఇవన్నీ పోయాయి. దేశంలోనే నంబర్ వన్ మితవాది అని ముద్ర పడింది. ఆయన చనిపోయి అర శతాబ్దం దాటినా ఆ ముద్ర ఈనాటికీ అధికారికంగా చెరగలేదు.

బెర్లిన్ చదువు, కమ్యూనిస్టు స్నేహాలు

జాంగ్ బోజున్ 1895లో అన్‌హుయ్ రాష్ట్రంలోని తోంగ్‌చెంగ్ ప్రాంతంలో పుట్టారు. పండితులకూ రచయితలకూ పేరున్న ఊరు అది. వుచాంగ్‌లో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదివి, సొంత రాష్ట్రంలోనే పాఠాలు చెప్పే పనిలో చేరారు. 1922లో ప్రభుత్వ ఖర్చుతో జర్మనీ వెళ్లారు. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదివారు. హెగెల్ అంటే ఆయనకు ప్రాణం. ఆ ఇష్టం జీవితం చివరిదాకా పోలేదు.

ఆ రోజుల్లో చైనా పరిస్థితి అన్యాయంగా ఉండేది. రాజరికం 1911–12లో కూలిపోయింది గానీ దాని స్థానంలో గట్టి ప్రభుత్వం రాలేదు. సైన్యాధిపతులు దేశాన్ని ముక్కలుగా పంచుకున్నారు. ఓడరేవుల్లో విదేశీయుల పెత్తనం నడిచేది. యూరప్‌లో చదువుకుంటున్న చైనా కుర్రాళ్లందరిదీ ఒకటే బాధ: మన దేశం ఎప్పుడు బాగుపడుతుంది? ఆ కాలంలోనే జాంగ్‌కు చూ దే పరిచయమయ్యారు. తర్వాతి రోజుల్లో ఎర్ర సైన్యానికి సేనాధిపతి అయిన చూ దే ఈయనే. ఆయన ద్వారానే జాంగ్ కమ్యూనిస్టు పార్టీలో చేరారు. చౌ ఎన్ లైతో కూడా ఆ కాలం నుంచే పరిచయం ఉంది.

1926లో తిరిగొచ్చి, సైన్యాధిపతులను అణచడానికి దక్షిణం నుంచి బయలుదేరిన దండయాత్రలో రాజకీయ పని చేశారు. అప్పటికి కొమింటాంగ్ పార్టీ, కమ్యూనిస్టులు కలిసే ఉన్నారు. 1927లో చాంగ్ కై షేక్ ఆ పొత్తును రక్తంతో తెంచేశాడు. వేలమంది కమ్యూనిస్టులను చంపించాడు. అదే ఏడాది ఆగస్టు 1న నాన్‌చాంగ్‌లో కమ్యూనిస్టులు తిరుగుబాటు చేశారు. చైనా సైన్యం ఈనాటికీ ఆ తేదీనే తన పుట్టినరోజుగా జరుపుకుంటుంది. ఆ తిరుగుబాటులో జాంగ్ కూడా ఉన్నారు. అది ఓడిపోయాక ఆయన కమ్యూనిస్టు పార్టీకి దూరమయ్యారు.

మూడో దారి

ఒకపక్క చాంగ్ కై షేక్ తుపాకీ, ఇంకోపక్క కమ్యూనిస్టుల సాయుధ పోరాటం. ఈ రెండూ వద్దనుకున్నవాళ్లు కొందరున్నారు. రైతుకు భూమి దక్కాలి, విదేశీ పెత్తనం పోవాలి, కానీ ఒక్క పార్టీ చేతిలో దేశం ఉండకూడదు అన్నది వాళ్ల ఆలోచన. వాళ్లకు నాయకుడు దెంగ్ యాన్‌దా. 1930 ఆగస్టులో షాంఘైలో రహస్యంగా సమావేశమై ఒక పార్టీకి రూపం ఇచ్చారు. జనం దాన్ని మూడో పార్టీ అని పిలిచారు. జాంగ్ మొదటి నుంచీ అందులో ముఖ్యుడు.

ఏడాది తిరిగేసరికి 1931 ఆగస్టులో దెంగ్ యాన్‌దాను పట్టుకున్నారు. నవంబర్‌లో నాన్‌జింగ్‌లో చాంగ్ ప్రభుత్వం ఆయన్ని రహస్యంగా చంపేసింది. ఏకపార్టీ పాలనలో చిన్న పార్టీ బతుకు ఎలా ఉంటుందో జాంగ్‌కు తెలిసిన మొదటి పాఠం అదే. ఆ పాఠం నేర్పింది కమ్యూనిస్టులు కాదు, కొమింటాంగ్ వాళ్లు. ఈ విషయం గుర్తుంచుకోవాలి. ఎందుకంటే తర్వాత ఆయన ఎటు మొగ్గారో అర్థం కావాలంటే ఇదే తాళంచెవి.

1933 చివర్లో ఫుజియాన్‌లో కొందరు సేనానులు చాంగ్ మీద తిరగబడి వేరే ప్రభుత్వం పెట్టారు. మూడో పార్టీ అందులో చేరింది. రెండు నెలల్లోనే అది కుప్పకూలింది. 1935లో మిగిలినవాళ్లు హాంగ్‌కాంగ్‌లో మళ్లీ కలిసి, పార్టీ పేరు మార్చి, జపాన్‌తో పోరాడటమే మొదటి పని అని తీర్మానించుకున్నారు. నాయకత్వం మెల్లగా జాంగ్ చేతికి వచ్చింది.

యుద్ధం నడుమ ఒక లీగ్

1937లో జపాన్ పూర్తిస్థాయి యుద్ధానికి దిగింది. చాంగ్ ప్రభుత్వం లోపలికి జరిగి చోంగ్‌చింగ్‌లో రాజధాని పెట్టుకుంది. అక్కడే 1941 మార్చిలో చిన్న పార్టీలు, మేధావుల బృందాలు కలిసి ఒక కూటమి కట్టాయి. అదే తర్వాత డెమొక్రాటిక్ లీగ్ అయింది. జాంగ్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. అందులో ప్రొఫెసర్లు, లాయర్లు, పత్రికలవాళ్లు, బడి పెట్టినవాళ్లు ఎక్కువ. అమెరికాలో చదివొచ్చిన రాజనీతి శాస్త్రవేత్త లువో లాంగ్‌జీ కూడా అక్కడే ఉన్నారు. ఈ పేరు మళ్లీ వస్తుంది.

లీగ్ దగ్గర సైన్యం లేదు, ఖజానా లేదు. ఉన్నదల్లా పరువు, కలం. అయినా కొమింటాంగ్, కమ్యూనిస్టులు ఇద్దరికీ వాళ్ల అవసరం పడింది. నడుమ నిలబడి మాట్లాడే మనిషి రెండు వైపులకూ కావాలి కదా.

1945 జూలై మొదటి రోజుల్లో ఆరుగురు సభ్యుల బృందం కమ్యూనిస్టుల కేంద్రం యెనాన్‌కు విమానంలో వెళ్లింది. అందులో జాంగ్ ఒకరు. విద్యావేత్త హువాంగ్ యాన్‌పే మరొకరు. అక్కడ హువాంగ్ మావోను ఒక సూటి ప్రశ్న అడిగారు. ప్రతి రాజవంశం కష్టపడి పైకొస్తుంది, సుఖం మరిగి కుళ్లిపోతుంది, పడిపోతుంది, మీరు ఈ చక్రం నుంచి ఎలా తప్పించుకుంటారని. తమకు దారి దొరికిందని, అది ప్రజాస్వామ్యమని మావో జవాబిచ్చారు. ప్రజలు ప్రభుత్వం మీద కన్నేసి ఉంచితే అది దారి తప్పదని చెప్పారు. వెళ్లిన పెద్దలు చాలామంది ఆ మాటను నమ్మి తిరిగొచ్చారు.

నమ్మడానికి కారణం కూడా ఉంది. 1946 జూలైలో లీగ్ నాయకులు లీ గోంగ్‌పూ, కవి వెన్ యీదువోలను కున్‌మింగ్‌లో నాలుగు రోజుల తేడాతో కాల్చి చంపారు. 1947 అక్టోబర్‌లో చాంగ్ ప్రభుత్వం లీగ్‌ను చట్టవిరుద్ధం అని ప్రకటించింది. చంపేవాడు ఒకవైపు, ఆహ్వానించేవాడు ఒకవైపు ఉంటే మనిషి ఎటు పోతాడు? అదే ఏడాది ఫిబ్రవరిలో జాంగ్ తన పార్టీకి రైతు–కార్మిక ప్రజాస్వామ్య పార్టీ అని ఈనాటికీ ఉన్న పేరు పెట్టారు. తర్వాత ఆయన హాంగ్‌కాంగ్ చేరారు. 1948 జనవరిలో లీగ్‌ను అక్కడ మళ్లీ నిలబెట్టిన వాళ్లలో ఆయన ఒకరు. ఈసారి నడుమ నిలబడటం లేదు. కమ్యూనిస్టుల పక్కనే నిలబడతామని బాహాటంగా చెప్పేశారు.

ఓడ ఎక్కిన పెద్దలు

1948 మే డే సందర్భంగా కమ్యూనిస్టు పార్టీ ఒక పిలుపు ఇచ్చింది. అన్ని ప్రజాస్వామ్య పార్టీలూ రండి, కలిసి ఉమ్మడి ప్రభుత్వం ఏర్పాటు చేసుకుందాం అని. ఆ సెప్టెంబర్‌లో హాంగ్‌కాంగ్ నుంచి ఒక సోవియట్ సరుకు ఓడ రహస్యంగా బయలుదేరింది. అందులో వృద్ధ లాయర్ షెన్ జున్‌రూ, తాన్ పింగ్‌షాన్, సేనాని త్సాయ్ తింగ్‌కాయ్‌తో పాటు జాంగ్ బోజున్ కూడా ఉన్నారు. అలా వెళ్లిన మొదటి జట్టు వీళ్లదే. కొరియా తీరంలో దిగి, అక్కడి నుంచి కమ్యూనిస్టుల చేతిలో ఉన్న హార్బిన్ చేరారు.

1949లో కొత్త ప్రభుత్వం ఏర్పడింది. చూడ్డానికి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నట్టే కనిపించింది. కేంద్ర ప్రభుత్వ ఉపాధ్యక్షులు ఆరుగురిలో ముగ్గురు కమ్యూనిస్టు పార్టీకి చెందనివాళ్లు: సన్ యట్ సేన్ భార్య సూంగ్ చింగ్ లింగ్, లీ జీషెన్, లీగ్ అధ్యక్షుడు జాంగ్ లాన్. హువాంగ్ యాన్‌పే ఉప ప్రధాని అయ్యారు. జాంగ్ బోజున్‌కు రవాణా శాఖ ఇచ్చారు. లీగ్ పెట్టిన గువాంగ్‌మింగ్ దినపత్రికకు కూడా ఆయనే అధిపతి. బీజింగ్‌లో పెద్ద ఇల్లు, కారు, పుస్తకాలు కొనుక్కునే తీరిక అన్నీ అమిరాయి. ఆయనకు పాత పుస్తకాలన్నా, బొమ్మలన్నా పిచ్చి. వేల సంఖ్యలో పోగేశారు.

అయితే మెల్లగా సంగతి మారింది. 1954లో రాజ్యాంగం వచ్చింది. ప్రభుత్వాన్ని కొత్తగా ఏర్పాటు చేశారు. ఈసారి ఉప ప్రధానులు పదిమంది, పదిమందీ కమ్యూనిస్టులే. దేశ ఉపాధ్యక్ష పదవి ఒక్కటే, అది చూ దేకు వెళ్లింది. చిన్న పార్టీల పెద్దలను గౌరవంగా పార్లమెంటు, రాజకీయ సలహా మండలి కుర్చీల్లోకి జరిపారు. జాంగ్ మంత్రిగా ఉన్నారు, సలహా మండలి ఉపాధ్యక్షుడు కూడా అయ్యారు. కానీ మంత్రి ఎవరైనా, ప్రతి శాఖలో కమ్యూనిస్టు పార్టీ బృందం ఒకటి ఉంటుంది. అసలు నిర్ణయం అక్కడ జరుగుతుంది. మంత్రిగారి దగ్గరికి వచ్చేసరికి కాగితం తయారై ఉంటుంది. పదవి ఉంది, పవరు లేదు అన్న గొణుగుడు ఆ రోజుల్లో చిన్న పార్టీల వాళ్లందరి నోటా వినిపించేది.

మాట్లాడండి అని పిలిచారు

1956లో ఒక చల్లని గాలి వీచింది. చిన్న పార్టీలూ కమ్యూనిస్టు పార్టీ దీర్ఘకాలం కలిసి బతకాలి, ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచాలి అని మావో అన్నారు. 1957 వసంతంలో ఇంకో అడుగు వేశారు. పార్టీలో అధికార గర్వం పెరిగింది, సరిచేసుకుంటాం, బయటివాళ్లు లోపాలు చెప్పండి, చెప్పినవాళ్లకు ఏ హానీ జరగదు అని ప్రకటించారు. మే 8 నుంచి జూన్ 3 వరకు పార్టీ ఐక్య సంఘటన విభాగం చిన్న పార్టీల నాయకులను వరుసగా పిలిచి కూర్చోబెట్టింది. మొత్తం 13 సమావేశాలు జరిగాయి. మాటలన్నీ మరుసటి రోజు పేపర్లో వచ్చేవి.

మే 21న జాంగ్ బోజున్ మాట్లాడారు. ఆయన చెప్పింది విప్లవం కాదు, తిరుగుబాటు కాదు. ఒక ఇంజనీరు చెప్పినట్టు చెప్పారు. ఫ్యాక్టరీ కట్టేముందు నమూనా గీయడానికి డిజైన్ సంస్థలు ఉంటాయి. రాజకీయాల్లో కూడా అలాంటివి ఉండాలి. పార్లమెంటు, సలహా మండలి, ప్రజాస్వామ్య పార్టీలు, ప్రజా సంఘాలు ఈ నాలుగూ రాజకీయ డిజైన్ సంస్థలు కావాలి. విధానం తయారయ్యాక చేతులెత్తించడం కాదు, తయారుకాకముందే చర్చకు పెట్టాలి. ప్రభుత్వ సమావేశాల్లో వండి వడ్డించిన వస్తువునే ముందు పెడుతున్నారని, అది తగ్గాలని సూచించారు. కమ్యూనిస్టు పార్టీ నాయకత్వం పోవాలని ఆయన అనలేదు.

మరుసటి రోజు లువో లాంగ్‌జీ మాట్లాడారు. గత ప్రక్షాళన ఉద్యమాల్లో అన్యాయంగా శిక్ష పడినవాళ్ల కేసులు చూడటానికి ఒక కమిటీ వేయాలని, అందులో కమ్యూనిస్టులతో పాటు చిన్న పార్టీల వాళ్లు, బయటివాళ్లు కూడా ఉండాలని అడిగారు. జూన్ 1న గువాంగ్‌మింగ్ పత్రిక కొత్త సంపాదకుడు చు ఆన్‌పింగ్ అందరికంటే ఘాటుగా మాట్లాడారు. దేశం మొత్తాన్ని ఒక పార్టీ తన ఇంటి ఆస్తిలా చూస్తోందని, ప్రతి చిన్న ఆఫీసులో కూడా పార్టీ మనిషే పెద్దగా ఉండాలా అని నిలదీశారు.

వీళ్లెవరికీ తెలియని సంగతి ఒకటి ఉంది. మే 15 తేదీతో మావో ఒక వ్యాసం రాసి ఉంచారు. పార్టీ లోపలివాళ్ల కోసం మాత్రమే రాసింది అది. మితవాదులు రెచ్చిపోతున్నారని, ఇంకొంతకాలం రెచ్చిపోనివ్వాలని దాని సారాంశం. అంటే జాంగ్ లేచి మాట్లాడేనాటికే వల పరిచి ఉంది.

గాలి తిరిగింది

జూన్ 6న జాంగ్ కొందరు ప్రొఫెసర్లను కూర్చోబెట్టి విశ్వవిద్యాలయాల పరిస్థితి మీద మాట్లాడారు. సామాజిక శాస్త్రవేత్త ఫే షియావోతోంగ్ వాళ్లలో ఒకరు. విద్యార్థుల్లో అలజడి ఎక్కువగా ఉందని, ఏదో ఒకటి చేయాలని అనుకున్నారు. రెండు రోజులకే, జూన్ 8న పీపుల్స్ డైలీ సంపాదకీయం దాడి మొదలుపెట్టింది. ఆ చిన్న సమావేశం కుట్రకు సాక్ష్యం అయిపోయింది. జూలై 1న అదే పత్రికలో మరో సంపాదకీయం వచ్చింది. దాన్ని మావో స్వయంగా రాశారు. జాంగ్, లువో కలిసి ఒక కూటమి కట్టి కమ్యూనిస్టు పార్టీని దించాలని ప్లాన్ వేశారని ఆరోపించారు. ముందు మాట్లాడనిచ్చి తర్వాత పట్టుకోవడం కుట్ర కదా అని కొందరు అంటున్నారని, తాము చేసింది చాటుగా వేసిన కుట్ర కాదు, బాహాటంగా వేసిన ఎత్తు అని కూడా అందులో రాశారు.

ఇక్కడ నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి ఒకటుంది. జాంగ్‌కు, లువోకు అసలు పడేది కాదు. లీగ్‌లో ఏళ్ల తరబడి వాళ్లవి రెండు వేర్వేరు వర్గాలు. అది లీగ్‌లో అందరికీ తెలుసు. అయినా ఇద్దరినీ ఒకే తాడుతో కట్టేశారు.

ఆ తర్వాత రోజూ మీటింగులే. తమాషా ఏమిటంటే ఆ మీటింగులు పెట్టింది ఎక్కువగా వాళ్ల సొంత పార్టీలే. నిన్నటిదాకా పక్కన కూర్చున్నవాళ్లు లేచి వేలు చూపించారు. లీగ్ నాయకుడు, బీజింగ్ డిప్యూటీ మేయర్, చరిత్రకారుడు వూ హాన్ వాళ్లలో ముందున్నారు. చిన్న పార్టీకి ప్రాణం దక్కాలంటే సొంత నాయకుణ్ణి అప్పగించక తప్పలేదు. ఏకపార్టీ పాలనలో చిన్న పార్టీ మీద పడే అసలైన ఒత్తిడి ఇదే. బయటినుంచి తాళం వేయడం కాదు, లోపలివాళ్లతోనే తలుపు మూయించడం.

మెడ వంచిన మనిషి

ఏం చేయాలి? జాంగ్ ముందు రెండు దారులున్నాయి. కాదని నిలబడటం, ఒప్పుకుని తలవంచటం. 1957 జూలైలో పార్లమెంటు సమావేశంలో ఆయన తన నేరం ఒప్పుకుంటున్నానని, ప్రజల ముందు తల వంచుతున్నానని ప్రకటించారు. లేని కూటమిని ఉందని ఒప్పుకున్నారు.

లువోకు అది గుండెలో గునపం దిగినట్టయింది. ఒకరు ఒప్పుకుంటే రెండోవాడు కాదని ఎలా అంటాడు? కోపంతో జాంగ్ ఇంటికి వచ్చి, చేతికర్రను నేలకేసి కొట్టి విరగ్గొట్టి వెళ్లారని జాంగ్ కూతురు తర్వాత రాసింది. జాంగ్ ఎందుకు ఒప్పుకున్నారు? ఆయన్ని నమ్ముకున్న పార్టీ ఉంది, పార్టీలో వేల మంది ఉన్నారు, ఇంట్లో భార్యాపిల్లలు ఉన్నారు. ఒప్పుకుంటే మిగతావాళ్ల మీద దెబ్బ తగ్గుతుందని ఆయన అనుకుని ఉండవచ్చు. కానీ అలా జరగలేదు. ఆయన పార్టీలో, లీగ్‌లో ఎందరో మితవాదులుగా ముద్రపడ్డారు. భార్య లీ జియాన్‌షెంగ్‌కు కూడా ఆ ముద్ర తప్పలేదు. దేశమంతటా లెక్క 5,50,000 దాటింది. టీచర్లు, డాక్టర్లు, విద్యార్థులు, గుమాస్తాలు. చాలామందిని ఉద్యోగం నుంచి తీసేశారు, దూర ప్రాంతాల శ్రమ శిబిరాలకు పంపారు.

1958 మొదట్లో జాంగ్, లువో, ఆహార శాఖ మంత్రి జాంగ్ నాయ్‌చీ ముగ్గురినీ మంత్రి పదవుల నుంచి తీసేశారు. పత్రిక పోయింది, పార్టీ అధ్యక్ష పదవి పోయింది. జైల్లో మాత్రం పెట్టలేదు. ఇల్లు ఉంచారు, తగ్గించిన జీతం ఇచ్చారు. చూపించడానికి ఒక శత్రువు కూడా కావాలి కదా.

తలుపులు మూసుకున్న ఇల్లు

నిన్నటిదాకా కార్లు ఆగిన ఇంటికి ఇప్పుడు ఎవరూ వచ్చేవారు కాదు. వీధిలో ఎదురైనవాళ్లు తల తిప్పుకునేవారు. జాంగ్ పుస్తకాల్లో మునిగిపోయారు. ఈ ఒంటరితనంలోనే ఒక వింత జరిగింది. పాత పగవాడు లువో మళ్లీ ఆ ఇంటికి రావటం మొదలుపెట్టారు. వేరే ఎవరూ పలకరించని ఇద్దరు వృద్ధులు ఒకరికొకరు దిక్కయ్యారు. లేని కూటమి కట్టారని శిక్ష వేశారు, ఆ శిక్షే వాళ్లని నిజంగా కలిపింది. 1965 డిసెంబర్ 7న లువో బీజింగ్‌లో గుండె ఆగి చనిపోయారు. పక్కన అయినవాళ్లు ఎవరూ లేరు.

1966లో సాంస్కృతిక విప్లవం వచ్చింది. ఆగస్టు చివర్లో రెడ్ గార్డులు చిన్న పార్టీలన్నిటికీ హుకుం జారీ చేశారు: 72 గంటల్లో మీ అంతట మీరే రద్దు చేసుకోండి. పార్టీల ఆఫీసులకు తాళాలు పడ్డాయి. జాంగ్‌ను అప్పగించి ప్రాణం దక్కించుకున్న పార్టీలకు ఆ దక్కిన ప్రాణం తొమ్మిదేళ్లే నిలిచింది. అదే ఆగస్టులో రెడ్ గార్డులు జాంగ్ ఇంటి మీద కూడా పడ్డారు. జీవితమంతా పోగేసిన పుస్తకాలు, బొమ్మలు నాశనమయ్యాయి. చు ఆన్‌పింగ్ ఆ ఏడాదే కనబడకుండా పోయారు. ఏమయ్యారో ఈనాటికీ తెలియదు. జాంగ్‌ను నిలదీసిన వూ హాన్‌ను కూడా విప్లవం వదల్లేదు. ఆయన రాసిన ఒక నాటకం మీద వచ్చిన విమర్శతోనే ఆ ఉద్యమం రాజుకుంది. ఆయన 1969 అక్టోబర్‌లో నిర్బంధంలో చనిపోయారు.

జాంగ్ అంతకు ఐదు నెలల ముందే వెళ్లిపోయారు. కడుపు క్యాన్సర్‌తో 1969 మే 17న బీజింగ్‌లో కన్నుమూశారు. అప్పుడు ఆయన వయసు 73. పేపర్లో వార్త లేదు, సంతాప సభ లేదు. మరుసటి ఏడాది ఆయన కూతురు జాంగ్ యీహను విప్లవ ద్రోహి అని ముద్రవేసి 20 ఏళ్ల శిక్ష వేశారు. దాదాపు పదేళ్లు జైల్లో గడిపి 1979లో ఆమె బయటికొచ్చారు.

మాఫీ దొరకని ఐదుగురు

మావో 1976లో పోయారు. కొత్త నాయకత్వం మితవాదుల కేసులన్నీ తిరగదోడింది. 5,50,000 మందిలో దాదాపు అందరికీ ముద్ర తీసేశారు. పొరపాటు జరిగిందని ఒప్పుకున్నారు. కానీ ఒక చిక్కు వచ్చింది. అందరూ నిర్దోషులే అయితే ఆ ఉద్యమమే తప్పు అవుతుంది. ఉద్యమం సరైనదే, హద్దు మీరి విస్తరించింది, అంతే అని చెప్పాలంటే కొందరైనా నిజమైన మితవాదులు మిగలాలి. 1980లో పై స్థాయి నాయకుల్లో ఐదుగురిని అలా మిగిల్చారు: జాంగ్ బోజున్, లువో లాంగ్‌జీ, చు ఆన్‌పింగ్, పెంగ్ వెన్‌యింగ్, చెన్ రెన్‌బింగ్. అప్పటికి వాళ్లలో చాలామంది బతికి లేరు. చనిపోయినవాళ్ల పేర్లు ఒక వాదనకు గుంజల్లా నిలిచాయి.

1985లో ఆయన పుట్టి 90 ఏళ్లయిన సందర్భంగా బీజింగ్‌లో ఒక స్మారక సమావేశం జరిగింది. దేశం కోసం ఆయన చేసిన పనిని మెచ్చుకున్నారు. ముద్ర మాత్రం అలాగే ఉంచారు. 2004లో జాంగ్ యీహ తండ్రి గురించి, ఆయన స్నేహితుల గురించి జ్ఞాపకాలు పుస్తకంగా తెచ్చారు. అది చైనాలో విపరీతంగా అమ్ముడైంది, వెంటనే అధికారులు ఆపేశారు. అప్పటికే చదవాల్సినవాళ్లు చాలామంది చదివేశారు.

ఈనాటి ఎనిమిది పార్టీలు

1970ల చివర్లో ఎనిమిది పార్టీలూ మళ్లీ తలుపులు తెరిచాయి. జాంగ్ వదిలిన రైతు–కార్మిక ప్రజాస్వామ్య పార్టీలో ఇప్పుడు పేరుకు తగ్గట్టు రైతులూ కార్మికులూ కాదు, డాక్టర్లు, వైద్య రంగం నిపుణులు ఎక్కువ. ఏ పార్టీ ఏ వర్గం నుంచి సభ్యులను చేర్చుకోవాలో ముందే ఒప్పందం ఉంటుంది. ఖర్చుకు డబ్బు ప్రభుత్వం నుంచే వస్తుంది. నాయకులు ఐక్య సంఘటన విభాగానికి ఇష్టమైనవాళ్లే అవుతారు. ఏటా మార్చిలో బీజింగ్‌లో సలహా మండలి కూర్చున్నప్పుడు వీళ్లు ఆసుపత్రుల మీద, నదుల మీద, బడుల మీద సూచనలు ఇస్తారు. కొన్ని పనికొస్తాయి కూడా. 2007లో దశాబ్దాల తర్వాత మళ్లీ ఒక చిన్న పార్టీ మనిషికి మంత్రి పదవి దక్కింది. ఆయన వాన్ గాంగ్, సైన్స్ శాఖ. చదువుకున్నవాళ్ల నైపుణ్యం పాలనకు అందాలంటే ఈ పద్ధతి మంచిదేనని వాదించేవాళ్లూ ఉన్నారు.

అయితే జాంగ్ అడిగింది వేరు. నిర్ణయం అయ్యాక సలహా ఇవ్వడం కాదు, నిర్ణయం కాకముందు మాట చెల్లాలి అన్నారు. సభలో కుర్చీ వేయడం మర్యాద. ఆ కుర్చీలో కూర్చున్నవాడు కాదు అన్నప్పుడు ఆగి వినడం హక్కు. మర్యాదను ఇచ్చినవాడు ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలడు. హక్కును అంత సులువుగా తీసుకోలేడు. జాంగ్ బోజున్‌కు మర్యాద నిండుగా దొరికింది. దాన్ని హక్కు అనుకుని ఒక్కసారి వాడబోయారు.

ఆయన వీరుడేమీ కాదు. ఒత్తిడికి మెడ వంచారు, తోటివాణ్ణి ఇరుకున పెట్టారు. కానీ ఆయన అడిగిన చిన్న కోరిక తప్పు కాదు. వాదనలో ఓడినందుకు ఆయనకు శిక్ష పడలేదు. నోరు విప్పమన్నప్పుడు విప్పినందుకు పడింది. కుర్చీలు పంచే ప్రతి చోటా, ఏ దేశమైనా, ఏ కాలమైనా, ఆ కుర్చీకి మాట ఉందా లేదా అని ముందే అడిగి తెలుసుకోవాలి. ఆయన జీవితం నేర్పేది అదే.